డొక్కలో దాచిన తూటాలు

మా మావయ్యగారికి తుపాకీ ఉండేదని చెబితే ఇప్పటి పిల్లలు కళ్ళింత చేసుకుని ముఠా తగాదాలా అని అడుగుతారు. ముఠా లేదు, మన్ను లేదు. రాజోలు దగ్గర కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు మాది. ఆయన మిలిటరీలో చేసి పింఛనుతో ఇంటికొచ్చిన మనిషి. గోదావరి లంకలో కాస్త చెరకు వేసేవారు. దాన్ని అడవిపందులు తొక్కి పాడు చేస్తుంటే, పంట కాపలాకని కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఒంటిగొట్టం తుపాకీకి లైసెన్సు తెచ్చుకున్నారు. డెబ్భైల చివర్లో నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి అది ఆయన గదిలో గోడకి గొలుసు వేసి, తాళం పెట్టి ఉండేది. నేను హైస్కూల్లో టీచర్ని. మా ఆయన ఉద్యోగం కాకినాడలో, వారానికోసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో ఇంట్లో అత్తయ్యగారు, మావయ్యగారు, నేను, ఆ తుపాకీ.

తుపాకీతో నాకెప్పుడూ పేచీ లేదు. పేచీ అంతా తూటాలతోనే. వాటిలో ఇన్ని రకాలుంటాయని నాకేం తెలుసు? ఆరో నంబరు తూటాలో ఆవాలకంటే కాస్త పెద్ద గుళ్ళు బోలెడుంటాయి, అవి పిట్టలకి. నంబరు తగ్గేకొద్దీ గుండు పెరుగుతుంది. అన్నిటికంటే పెద్దవి ఎల్జీ. పచ్చి బఠాణీ అంత సీసపు గుళ్ళు, వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. పందిని పడగొట్టేది అదే, మనిషినీ పడగొట్టేది అదే. అందుకే దుకాణంవాడు ఆరో నంబరు ఇచ్చినంత తేలిగ్గా ఎల్జీ ఇవ్వడు. రాజమండ్రి వెళ్ళి, లైసెన్సు పుస్తకం చూపించి, ఏ రకం ఎన్ని కొన్నదీ అందులో రాయించుకుని, కాల్చినవాటి ఖాళీలు చూపించి, అప్పుడు తెచ్చుకోవాలి. ఏడాదికిన్నే కొనాలి, ఒక్కసారి ఇంట్లో ఇన్నే ఉండాలి, అన్నదమ్ములకైనా అప్పివ్వకూడదు. పోతే పోలీసులకి వెంటనే చెప్పాలి. పరజల్లాంటి నీటిపిట్టల్ని కొట్టకూడదని చట్టం వచ్చాక ఆరో నంబరు వాడకమూ పోయింది. మిలిటరీ తుపాకీ తూటా అయితే ఇంట్లో ఉండనే కూడదు. ఆయన సర్వీసంతా అలాంటివి కాల్చి కూడా, గుర్తుకైనా ఒక ఖాళీ గొట్టం తెచ్చుకోలేదు. లైసెన్సు తుపాకీకి కాదమ్మా, తూటాల మీద కాపలాకి, అనేవారు.

ఇంత నిక్కచ్చి మనిషి కదా, ఆ ఎల్జీలు ఎక్కడ దాచారో తెలుసా? అదే నా కడుపుమంట.

ఆ రోజుల్లో తూటా గొట్టం అట్టతో ఉండేది, అడుగున మాత్రం ఇత్తడి. కోనసీమ గాలికి పప్పులే మెత్తబడతాయి, అట్ట ఆగుతుందా? చెమ్మ పీల్చి ఉబ్బితే తుపాకీలో దూరదు. ఆరో నంబరువంటే పాడైనా ఫరవాలేదని ట్రంకుపెట్టెలో పడేసేవారు. ఎల్జీలు మాత్రం మహా ముద్దు. డొక్కంటే కొబ్బరికాయ ఒలిచాక మిగిలే పీచు; ఎండు కొబ్బరిడొక్కని రెండుగా చీల్చి, మధ్యలో తూటాలు పేర్చి, డొక్క మూసేసి, పైన పీచుతాడుతో బిగించి, వంటింటి అటకమీద మిగతా డొక్కల్లో కలిపేశారు. కింద పొయ్యి పొగ ఉంటుంది, పైన పొడిగా ఉంటుంది, దొంగకి అనుమానం రాదు, ఆడవాళ్ళ చేతికి అందదు. ఎవరికీ చెప్పకపోవడమే భద్రం అనుకునే మగబుద్ధి. అత్తయ్యగారికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

అత్తయ్యగారికి ఆయన ఏమన్నా చెప్పేవారా అంటే, అదీ అంతంతమాత్రమే. పెళ్ళయిన నాటినుంచి ఆవిడని పేరుపెట్టి పిలిచింది లేదు. మా పెద్దవాళ్ళలో అందరూ అంతే, ఆయన మరీను. 'ఇదిగో' అంటే అత్తయ్యగారు, 'ఇదిగోనమ్మా' అంటే నేను. ఊళ్ళోవాళ్ళ దగ్గర 'మా ఇంట్లో'. ఆవిడ పేరు పెళ్ళి రోజు పాస్టరుగారి వెనకాల ప్రమాణంలో చెప్పారట, అదే మొదలు, అదే ఆఖరు. ఆ మాట ఆవిడే నాకు చెప్పి నవ్వేవారు. నవ్వినా ఎక్కడో చురుక్కుమనేది, నాకు తెలుసు.

ఎనభైల మొదట్లో ఎలక్షన్లొచ్చాయి. క్రిస్మస్ ముందు రోజులు. ఎలక్షన్లంటే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి, అది మామూలే. ఆ ఏడు మాత్రం మామూలుగా లేదు. అంతకు కొద్దిరోజుల ముందే మాకు ఎగువన ఒక లంకలో గట్టు తగువుకి ఎవరో తుపాకీ పేల్చారు. తగిలినవాడు బతికాడు. అమలాపురం ఆసుపత్రిలో వాడి తొడలోంచి తీసినవి ఎల్జీ గుళ్ళు. పేల్చినవాడు దొరకలేదు. ఇంకేం, చుట్టుపక్కల ఎల్జీ కొన్న లైసెన్సుదారులందరినీ జల్లెడ పట్టడం మొదలెట్టారు.

స్టేషన్నుంచి హెడ్‌కానిస్టేబుల్, మేమంతా హెడ్డుగారనేవాళ్ళం, మా ఇంటికొచ్చారు. ఆయన మా చర్చి మనిషే, మావయ్యగారంటే గౌరవం. అరుగుమీద కూర్చుని, అత్తయ్యగారిచ్చిన టీ తాగి, మెల్లిగా చెప్పారు. రేపు పొద్దుగూకేలోగా తుపాకీతోపాటు తూటాలన్నీ రకం రకంగా తెచ్చి చూపించాలట. ఎల్జీలు లైసెన్సులో నాలుగు కొన్నట్టు, పందిమీద ఒకటి కాల్చినట్టు ఉంది కాబట్టి, కాల్చినదాని ఖాళీ ఒకటి, కాల్చనివి మూడు ఉండి తీరాలట. ఎస్సైగారు కొత్తవారు, కఠినంగా ఉన్నారట.

"మీకేటండి, మీ లెక్క మీ దగ్గరుంటాది. చూపించేస్తే సరి," అన్నారు హెడ్డుగారు.

"ఆయ్, రేపు తెచ్చేత్తానండి," అన్నారు మావయ్యగారు.

అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మర్నాడే చర్చిలో ప్రేమవిందు. ప్రేమవిందంటే అందరూ కలిసి వండుకుని తినడం, ఇంటికింత బియ్యం, ఇంటికింత పొయ్యిలోకి. మా వైపు వంటచెరుకంటే డొక్కలే, మట్టలే. ఆ వారమంతా ముసురు. పెరట్లో డొక్కలు నానిపోయి చెంబెడు నీళ్ళు కారుతున్నాయి. పొద్దున్నే చర్చివాళ్ళ బండి వస్తే, దేవుడి పనికి తడిడొక్కలిస్తామా అని అత్తయ్యగారు పాలేరుని అటకెక్కించి ఎండువన్నీ గంపలకెత్తించేశారు. మావయ్యగారప్పుడు పొలంలో ఉన్నారు. బండి వెనకాలే ఆవిడా వెళ్ళారు. విందుకి అన్నం గుండిగ దగ్గర కూర్చునేది ఎప్పుడూ ఆవిడే.

ఆయన పొలంనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నిచ్చెన వేసుకుని అటకెక్కారు. నేను వంటింట్లోనే ఉన్నాను. పైన చప్పుడు ఆగిపోయింది. తల కిందకి వంచి, "అటకమీద డొక్కలేవమ్మా?" అన్నారు.

చర్చికి పంపించేశారని చెప్పాను. ఆయన నిచ్చెన దిగిన తీరు నేను మరచిపోలేదు. ఒక్కో మెట్టుకీ ఆగుతూ దిగి, ఆఖరి మెట్టుమీద కూర్చుండిపోయారు.

"ఒకదాంట్లో ఎల్జీలున్నాయమ్మా. మూడూను."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. పొయ్యిమీద అటకలో తూటాలా? ఇన్నాళ్ళూ నేను దానికిందే అన్నం వండానా? అవన్నీ తర్వాత. "అత్తయ్యగారక్కడ పొయ్యి కాడే ఉన్నారు కదండీ!" అన్నాను.

ఆయన లేచి చెప్పులు కూడా వేసుకోలేదు. గుమ్మం దాటుతూ మాత్రం వెనక్కి తిరిగి, ఎవరితోనూ అనకమ్మా, నేను మెల్లిగా గంపల్లోంచి ఏరుకొచ్చేస్తాను, హెడ్డుగారు కూడా అక్కడే ఉంటారు, అన్నారు. భయం ఎక్కడ ఉందో చూడండి. తూటాలు పొయ్యిపాలు చేసుకున్నాడని తెలిస్తే లైసెన్సు ఎలాగూ పోతుంది. అదొక్కటేనా? లంకలో ఎల్జీ పేలింది, నీ ఎల్జీలు మాయమయ్యాయి, నమ్మమంటావా అని అడిగితే ఏం చెబుతారు? అది నాకూ తెలుసు. తెలిసినా ఆ నిమిషాన ఆయన్ని నోటికొచ్చినట్టు అనాలనిపించింది. పళ్ళు కొరుక్కుని వెనకాలే నడిచాను.

చర్చి కాలవకి అవతలి గట్టున. మా గట్టంట పోతే ముందు చర్చి ఎదురవుతుంది, దాటడానికి తాటిపట్టెల వంతెన ఇంకా పైకి ఉంటుంది. ఆయనకి మిలిటరీలో దెబ్బ తగిలిన కాలు, బురదలో ఈడుస్తూ వెళుతున్నారు. దూరంనుంచే పొగ కనిపించింది. పొయ్యిలు అంటించేశారన్నమాట. ఆ పొగ చూశాక ఆయన పరుగందుకున్నారు, నేనూ పరుగెత్తాను. ఏ అడుగున ఢామ్మంటుందో అని చెవులు అటే పెట్టుకున్నాను.

చర్చికి ఎదురుగా వచ్చేసరికి అవతల అంతా కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. గుండిగలు, చుట్టూ ఆడవాళ్ళు, టీగ్లాసుతో హెడ్డుగారు. పొయ్యి ముందు పీటమీద అత్తయ్యగారు. ఆవిడ ఒడిలో తాడు కట్టిన డొక్క.

ఆవిడ సంగతి నాకు తెలుసు. పీచుతాడు ముక్క పొయ్యిపాలైతే ఆవిడకి అన్నం సహించదు. తాడు విప్పి దాచుకుని, డొక్క పొయ్యిలో పెడదామని చూస్తున్నారు. అది మిలిటరీ ముడి, గోటికి లొంగడంలేదు. పళ్ళతో లాగారు. రాలేదు. చివరికి ముడి ఒక్కటీ కాలిస్తే మిగతా తాడు దక్కుతుందని, డొక్కని పొయ్యి మూతి దగ్గర పెట్టి ముడికి నిప్పంటించారు.

కాలవ నిండుగా పారుతోంది. వంతెన దాకా వెళ్ళి తిరిగొచ్చే వ్యవధి లేదు. మెల్లిగా ఏరుకొస్తానన్న మనిషి గట్టుమీద నిలబడి గొంతు చించుకుని అరిచారు.

ఆవిడ పేరు.

మా చర్చిలో ఆ పేరువాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళిద్దరూ ఠక్కున తలెత్తి చూశారు. అత్తయ్యగారు మాత్రం చూడలేదు. ఆ గొంతుకీ ఆ పేరుకీ సంబంధం ఉంటుందని ఆవిడకి తోచలేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుని, ముడి కాలిందో లేదో చూసుకుంటున్నారు. ఆయన మళ్ళీ అదే పేరు అరిచారు. పక్కావిడ భుజం తట్టి, మిమ్మల్నేనండి, మీ ఆయన, అంది. అప్పుడు తలెత్తారు.

"అందులో తూటాలున్నాయే! అవతల పారెయ్!"

ఆడవాళ్ళంతా పిల్లల్ని లాక్కుని చర్చి వెనక్కి పరుగు తీశారు. హెడ్డుగారి చేతిలో టీగ్లాసు కిందపడింది. ఆ మాట హెడ్డుగారి చెవిని పడిందని మావయ్యగారికి తెలుసు, అయినా అరిచారు. కానీ అత్తయ్యగారు పారెయ్యలేదు. డొక్క పట్టుకుని లేచి, పొయ్యికి దూరంగా కాలవ ఒడ్డుకి వచ్చారు. ముడి దగ్గర అంటుకున్న నిప్పు పీచులోకి పాకుతోంది, సన్నగా పొగ. డొక్కకి నిప్పంటితే తొందరగా ఆరదు, లోపల్లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఆవిడ ఆ నిప్పుని ఒట్టి అరచేత్తో అదుముతున్నారు. నాకు అప్పుడు తెలిసింది. నిన్న గుమ్మంలో నిలబడి విన్నదంతా ఆవిడకి గుర్తుంది. మూడు ఎల్జీలు చూపించకపోతే ఆయనకి ఏమవుతుందో తెలిసే, చెయ్యి కాలుతున్నా వాటిని వదలడంలేదు.

"పోతే పోయేయి! కాలవలో పారెయ్!" అని ఆయన ఏడుపుగొంతుతో అరిచారు. ఆ మనిషి ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

ఆవిడ విసిరేశారు. డొక్క నీళ్ళలో పడి చుయ్యిమంది. తేలుతూ, తిరుగుతూ పోయి, దిగువన ఉన్న తూములోకి దూరిపోయింది. కుర్రాళ్ళు గెడలు పట్టుకుని అవతల వైపుకి పరుగెత్తారు. అవతల గుర్రపుడెక్క తప్ప ఏమీ బయటికి రాలేదు.

ఆ సాయంత్రం స్టేషన్లో జరిగినది మావయ్యగారే ఇంటికొచ్చి చెప్పారు. తుపాకీ తీసుకున్నారు, ఆరో నంబరువి లెక్కపెట్టుకున్నారు, ఖాళీ ఒకటి చూశారు. మూడు ఎల్జీలేవి అంటే కాలవలో అన్నారీయన. ఎస్సైగారు నవ్వారట. సీసమూ ఇత్తడీ ఉన్న డొక్క మునగాలి గానీ తేలుతుందా అని అడిగారట. ఎండుడొక్క ఎంత బరువునైనా తేలుస్తుందండీ అని ఈయన. హెడ్డుగారిని పిలిచి నువ్వు చూశావా అన్నారట. హెడ్డుగారు మంచివారే, అబద్ధం ఆడరు.

"డొక్కని చూసేనండి. తూటాల్ని చూళ్ళేదండి," అన్నారట.

నిజమే కదా. ఊరంతా చూసింది డొక్కనే. లోపల తూటాలున్నాయని చెప్పిందీ, ఇప్పుడు లేవంటున్నదీ ఒక్క మనిషే. సాక్ష్యం కోసం ఇదంతా ఆడిన నాటకమేమో అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ప్రేమవిందు సగం ఉడికిన అన్నంతో పాడైపోయిందని కోపగించుకున్నవాళ్ళు సరేసరి. ఎలక్షన్లయ్యాక అందరి తుపాకులూ ఇళ్ళకొచ్చాయి, ఆయనది రాలేదు. వారం తిరక్కుండా స్టేషన్నుంచి కబురొచ్చేది. ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి, బల్లమీద కూర్చుని, అదే ప్రశ్నకి అదే జవాబు చెప్పి వచ్చేవారు. నేడో రేపో కేసు కడతారన్నారు. చర్చిలో పెద్దరికం తనే మానుకున్నారు. బల్లమీద అన్నం ముందు పెట్టుకుని చూస్తూ ఉండేవారు. నేను అప్పటికి ఆయన్ని తిట్టడం మానేశాను, లోపల కూడా.

అత్తయ్యగారు మాత్రం రోజూ ఆ తూముదాకా వెళ్ళి వచ్చేవారు. అరచేతిలో మచ్చ కట్టింది. ఎందుకండీ, ఎప్పుడో సముద్రంలో కలిసిపోయుంటుంది అంటే, డొక్క ఎక్కడికి పోతుందమ్మా, నానితే మునుగుతుంది, మునిగితే కుళ్ళదు, కాలవలు కట్టేయనీ, అనేవారు.

మా వైపు ఎండాకాలంలో మరమ్మత్తులకి కాలవలు కట్టేస్తారు. నీళ్ళు తీసి అడుగు బయటపడుతుంది. ఊరంతా బురదలో దిగి చేపలు పడుతుంటే, అత్తయ్యగారు చీర ఎగ్గట్టుకుని తూము అవతల దిగారు. బడికి సెలవులు, నేనూ దిగాను. జనం నవ్వారు. నవ్వనీండి. కుళ్ళిన గుర్రపుడెక్క చేతుల్తో తోడి గట్టుకి వేశాం, మర్నాడూ వేశాం. ఆ మర్నాడు ఆవిడ బురదలో మోచేతిదాకా పెట్టిన చెయ్యి అలాగే ఉంచి, నావైపు చూశారు. నెమ్మదిగా పైకి తీశారు. నల్లగా నానిన డొక్క, ఒక పక్క కాలిన ముడి. సగం కాలినా ఊడలేదు.

నేను ఆత్రంగా విప్పబోయాను. ఆవిడ నా చెయ్యి తోసేశారు.

"ముట్టుకోకు. ఆళ్ళ కళ్ళ ముందే విప్పాలి. మళ్ళీ డొక్కనే చూసేం అంటారు."

బురదచీరలతోనే ఇంటికెళ్ళి మావయ్యగారిని లేవదీసి స్టేషనుకి నడిచాం. దారిపొడుగునా నాకు ఒకటే భయం. లోపల ఏమీ లేకపోతే? తాడు కట్టిన డొక్క ఇదేనా? కాలిన ముడి చూసి ధైర్యం తెచ్చుకునేదాన్ని, మళ్ళీ జారిపోయేది.

ఎస్సైగారి ముందు హెడ్డుగారు కత్తితో ముడి కోశారు. డొక్క రెండుగా తెరిచారు. అట్ట గొట్టాలు నాని ముద్దయిపోయాయి. ఆ ముద్దలోంచి సీసపు గుళ్ళు బల్లమీదకి దొర్లాయి, పచ్చి బఠాణీలంతేసి. ఇత్తడి అడుగులు మూడు, చిలుంపట్టి. ఎస్సైగారు ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి వెనకవైపు చూశారు. పేల్చినప్పుడు తుపాకీ సూది కొట్టే గుర్తు ఒక్కదానిమీదా లేదు. కాల్చినవి కావు. ఆయన కుర్చీలోంచి లేచి, మావయ్యగారిని కూర్చోమన్నారు. ఇన్నాళ్ళలో కుర్చీ ఇవ్వడం అదే మొదలు.

అజాగ్రత్తకి మందలింపు రాసి పంపుతాను, తుపాకీ తిరిగి తీసుకోవచ్చు అన్నారు. మావయ్యగారు తల అడ్డంగా ఊపి, వద్దండి, లైసెన్సు కూడా మీరే తీసేసుకోండి, పందులు తింటే తిననీండి, అన్నారు.

ఇక వాంగ్మూలం. తూటాలు దొరికింది అత్తయ్యగారికి కాబట్టి హెడ్డుగారు కాగితం ముందుకి లాక్కుని, పేరు చెప్పండమ్మా అని అడిగారు. తెలియక కాదు, చెప్పించి రాయాలి కదా. అత్తయ్యగారు పలకలేదు. స్టేషనంటే బెదిరారనుకుని నేను చెప్పబోయాను. ఆవిడ నన్ను కళ్ళతోనే ఆపారు.

"ఆయన్ని చెప్పమనండి," అన్నారు.

మావయ్యగారు గోడవైపు చూశారు, బల్లమీది గుళ్ళవైపు చూశారు, ఆవిడ అరచేతిలో మచ్చవైపు చూశారు. తర్వాత చెప్పారు, పెదవి కదిలీ కదలకుండా. హెడ్డుగారు తలెత్తి, సరిగ్గా వినపడలేదండి, అన్నారు.

ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పారు, ఈసారి అందరికీ వినబడేలా. అత్తయ్యగారు చీరకొంగుతో బురద తుడుచుకుంటూ, "ఆయ్, అదేనండి. రాసుకోండి," అన్నారు.